హార్స్‌పవర్‌కూ తరుగుంది

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో నగ కొనేవాళ్లు ముందు అడిగేది తరుగెంతని. గ్రాము ధర అందరికీ తెలిసిందే, బేరమంతా తరుగు దగ్గరే. అదే మనిషి కారు షోరూముకు వెళ్తే మాత్రం "ఎన్ని హెచ్‌పీ?" అని అడిగి, చెప్పిన అంకె నమ్మి వచ్చేస్తాడు. కాగితం మీద 75 అని ఉంటే డెబ్బై అయిదూ రోడ్డు మీదికి వస్తాయనే లెక్క. రావు. ఆ అంకె ఇంజిన్‌ను పరీక్షా యంత్రానికి బిగించి, దాని కొసన కొలిచింది. అక్కడి నుంచి టైరు దాకా క్లచ్, గేర్‌బాక్స్, షాఫ్టులు, క్రౌన్, బేరింగులు ఒక్కోటీ తన తరుగు తాను తీసుకుంటాయి. ఎంత తీసుకుంటాయన్నది చాలావరకు ఇంజిన్ ఏ దిక్కుకు తిరిగి ఉంది, ఏ చక్రాలను తిప్పుతోంది అన్నదాన్ని బట్టే ఉంటుంది.

పులివెందుల చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా కనిపించే బొలెరోనే చూద్దాం. ఒకటిన్నర లీటరు, మూడు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, కాగితం మీద ఆ 75 హార్స్‌పవరే. బానెట్ కింద నిలువుగా కూర్చుంటుంది. శక్తి గేర్‌బాక్స్ దాటి, ప్రొపెల్లర్ షాఫ్ట్ వెంట బండి కిందుగా వెనక్కి పోయి, యూజే క్రాసులనే కీళ్లు దాటుకుని, వెనక హౌసింగ్‌లోని పినియన్‌కు చేరుతుంది. అసలు తరుగు ఇక్కడే. బండి పొడవునా తిరుగుతూ వచ్చిన షాఫ్ట్, అడ్డంగా ఉన్న యాక్సిల్‌ను తిప్పాలి. శక్తి ఒక్కసారిగా పక్కకు మళ్లాలి.

ఆ మలుపు తిప్పే క్రౌన్, పినియన్‌ల జతకు హైపాయిడ్ గేర్లని పేరు. 1926లో అమెరికాలో ప్యాకార్డ్ కార్లలో ఇవి మొదలయ్యాయి. పినియన్‌ను క్రౌన్ నడిమధ్యకు కాకుండా కాస్త కిందికి అమర్చడంతో షాఫ్ట్ దిగింది, దాంతోపాటు కారు కూడా నేలకు దగ్గరైంది, గేర్ల రొద తగ్గింది. చిక్కల్లా ఒకటే. ఈ గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో సరిపెట్టుకోవు, జారతాయి కూడా. జారితే రాపిడి, రాపిడి నుంచి వేడి. అందుకే క్రౌన్ ఆయిల్ ఇంజిన్ ఆయిల్ లాంటిది కాదు. చిక్కగా ఉంటుంది, అందులో కలిపే గంధకపు మందుల వల్ల ఘాటు వాసన కొడుతుంది. నిండా మనుషులతో హైదరాబాద్ నుంచి ఆగకుండా వచ్చిన బండి వెనక హౌసింగ్ మీద చెయ్యి పెడితే, పెట్టినంత వేగంగా తీసేయాల్సిందే. ఆ వేడంతా టైరుకు చేరని హార్స్‌పవరే.

మామూలు గేర్ల జత ఒక్కోటి నూటికి ఒకటో రెండో పాళ్లు మింగితే, హైపాయిడ్ జత నాలుగైదు దాకా మింగుతుంది. వెనక చక్రాల బండికి అన్నీ కలిపి 15 శాతం తీసేయమంటారు ఈ రంగంలోని వాళ్లు. ముందు చక్రాల కారుకు 10, 12. నాలుగు చక్రాలకూ శక్తి పంపే బండికి 20. ఇది నోటి లెక్కే కానీ శాస్త్రం కాదు. నూనెను చిలకడానికి అయ్యే ఖర్చు వేగాన్ని బట్టి మారుతుంది, పళ్ల రాపిడి బరువును బట్టి మారుతుంది. పైగా నిలువు గేర్‌బాక్సులు చాలావాటిలో ఒక గేరులో శక్తి పళ్ల జతల మీదుగా పోకుండా నేరుగా దాటిపోతుంది. ఆ గేరులో వెనక చక్రాల బండి తన నష్టంలో కొంత తిరిగి రాబట్టుకుంటుంది. అయినా నోటి లెక్క ప్రకారం బొలెరో చక్రాల దగ్గర మిగిలేది 64కు కాస్త తక్కువ. పోయిన 11 హార్స్‌పవర్‌తో చీనీ తోటలో బోరు మోటారు నడుస్తుంది.

మలుపే లేకపోతే? ఇంజిన్‌ను అడ్డంగా పెట్టేస్తే దాని ఇరుసూ, చక్రాల ఇరుసూ ఒకే దిక్కున తిరుగుతాయి. 1959లో బ్రిటన్‌లో మినీ కారు ముందు చక్రాలతో చేసింది ఇదే. మన దగ్గర 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 దీన్నే ఇంటింటికీ తెచ్చింది. 796 సీసీల బుల్లి ఇంజిన్‌కు హైపాయిడ్ తరుగు కూడా పడి ఉంటే అంబాసిడర్ పక్కన పరువు పోయేది. ఇవాళ పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా తయారుచేసే సెల్టోస్, సోనెట్ కూడా ఈ బాపతే. ఏడుగురు ఎక్కే టొయోటా ఇన్నోవా సైతం 2022 చివర్లో హైక్రాస్ పేరుతో ముందు చక్రాలకు మారిపోయింది. కానీ ఆ కంపెనీ వెనక చక్రాల క్రిస్టాను వెంటనే ఆపేయలేదు, రెండింటినీ అమ్మింది. ఎందుకు?

జవాబు కోసం నల్లరేగడిలోకి దిగాలి. జమ్మలమడుగు వైపు బుడ్డశనగ చేలల్లో ఒక వాన పడితే చాలు, శక్తి చక్రం దాకా రావడం వేరు, చక్రం నుంచి నేలకు దిగడం వేరని తెలిసిపోతుంది. చక్రం మీద బరువుంటేనే పట్టు. ఏడుగురు మనుషులో, డిక్కీ నిండా మూటలో ఎక్కితే బరువు వెనక్కి పోతుంది. ఎగువకు ఎక్కేటప్పుడు ఇంకాస్త పోతుంది. అప్పుడు ముందు చక్రాలు తేలికై, అడుగున తడి ఉంటే గిర్రున తిరుగుతాయి. ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న కారైతే జారుడు ఆపడానికి ఇంజిన్ శక్తినే కోసేస్తుంది. తరుగులో మిగిల్చుకున్న మూడు నుంచి అయిదు శాతం అక్కడ ఎందుకూ పనికిరాదు.

2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దాని ఇంజిన్ 16 హార్స్‌పవర్. అంత పేద ఇంజిన్‌కు కూడా ప్రొపెల్లర్ షాఫ్ట్ వేసి, క్రౌన్ వేసి, వెనక చక్రాలనే తిప్పారు. సరుకు బరువు పడేది అక్కడే కాబట్టి. మన సినిమాల్లో బాంబులకు గాల్లోకి లేచిన సుమోలూ వెనక చక్రాల బండ్లే. లేచాక ఏ చక్రానికి ఎంత అందినా ఒకటేననుకోండి.

ఎత్తు ఎక్కడానికి ఎంత శక్తి కావాలో లెక్క వేసుకోవచ్చు. మనుషులతో కలిపి రెండు టన్నుల బండి, నూరు మీటర్లకు ఆరు మీటర్లు లేచే వాలు, గంటకు 60 కిలోమీటర్ల వేగం. బరువు ఎత్తడానికే 26 హార్స్‌పవర్ అవుతుంది. టైర్ల రాపిడికీ గాలికీ కలిపి మరో పదకొండు. చక్రాల దగ్గర 37 చాలు. బొలెరోకు ఉన్నది 60 పైనే. అంటే ఇలాంటి చోట కొరత శక్తిది కాదు, పట్టుది. హెచ్‌పీ అంకె కోసం మరో లక్ష పెట్టేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చూసుకోవాలి.

ఈ విషయం రైతుకు కారు యజమానికన్నా బాగా తెలుసు. ట్రాక్టర్ కంపెనీలు ఇంజిన్ హెచ్‌పీ, పీటీఓ హెచ్‌పీ అని రెండంకెలు ఇస్తాయి. 45 హెచ్‌పీ ట్రాక్టర్‌కు రోటవేటర్ తిప్పే పీటీఓ షాఫ్ట్ దగ్గర 40కి అటూ ఇటూ ఉంటుంది. నాగలి లాగేటప్పుడు మెత్తటి దుక్కిలో టైరు జారుడు మరికొంత తినేస్తుంది. అందుకే పెద్ద టైర్లలో నీళ్లు నింపి, ఇనుప దిమ్మెలు తగిలించి బరువు పెంచుతారు. కార్ల కంపెనీలు రెండో అంకె ఎందుకివ్వవో అడిగేవాళ్లు లేరు.

ఫోర్ బై ఫోర్ సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. ట్రాన్స్‌ఫర్ కేసు, మరో షాఫ్ట్, ముందు మరో క్రౌన్, వీటన్నిటి బరువు. బురదలోంచి బయటపడే రోజు అది దేవుడు. మిగతా రోజుల్లో డీజిల్ ఖర్చు. 2023 జనవరిలో మహీంద్రా థార్‌ను వెనక చక్రాలతోనే చవగ్గా అమ్మడం మొదలుపెట్టింది.

కరెంటు బండ్లు ఈ చర్చ రూపమే మార్చేశాయి. మోటారును చక్రాల పక్కనే పెట్టవచ్చు కాబట్టి వెనక చక్రాలను తిప్పాలంటే పొడవాటి షాఫ్ట్ అక్కర్లేదు, హైపాయిడ్ మలుపూ అక్కర్లేదు. 2024 నవంబరులో వచ్చిన మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ రెండింటికీ మోటారు వెనకే. దారీ పొట్టిదే, పట్టూ వెనకదే. 2025లో టాటా హారియర్ ఈవీ ఒక రకంలో ముందు 158, వెనక 238 పీఎస్ మోటార్లు పెట్టింది. నాలుగు చక్రాలూ లాగుతాయి, మధ్యలో వాటిని కలిపే ఇనుప షాఫ్ట్ లేదు. ధర మాత్రం చీనీ కాయలు మోసే పికప్ బండి యజమాని అడగను కూడా అడగడు. అతను ఇంకా కొన్నేళ్లు యూజే క్రాసులకు గ్రీజు కొట్టించుకుంటూ, క్రౌన్ ఆయిల్ మార్పించుకుంటూనే ఉంటాడు.