లాభం, రెండు, మూడు...

కళ్లంలో ధాన్యం కొలిచే పెద్దలు ‘ఒకటి’ అనరు. మొదటి కుంచం పడగానే ‘లాభం’ అంటారు, ఆ తర్వాతే రెండు, మూడు. రాశి ఎంత పెద్దదైనా చేసేది లెక్కపెట్టడమే. కుంచం నిఖార్సయినదైతే లెక్కా నిఖార్సుగా ఉంటుంది. మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి పరిసరాల్లో సర్క్యూట్ బోర్డులు పరీక్షించే బల్లల మీద అప్పుడప్పుడు కనిపించే ఫ్రీక్వెన్సీ కౌంటర్ పనీ ఇంతే. దాని కుంచం పేరు సెకను.

సిగ్నల్ ఏ రూపంలో లోపలికి వచ్చినా, కౌంటర్ ముందు దాన్ని నిటారు అంచులున్న పల్సులుగా చెక్కుతుంది. తర్వాత గేటు తెరుస్తుంది. సరిగ్గా ఒక సెకను పల్సులను లోపలికి వదిలి, మూసేస్తుంది. ఎన్ని దూరాయో అన్ని హెర్ట్జ్. హైదరాబాద్ ఆకాశవాణి ఎఫ్ఎం రెయిన్‌బో 101.9 మెగాహెర్ట్జ్ అంటే, గేటు తెరిచి మూసేలోగా 10 కోట్ల 19 లక్షల పల్సులు లెక్కకు రావాలి. చెక్కడంలో తేడా వస్తే మాత్రం తంటా. సిగ్నల్‌కు అంటుకున్న చిన్న రొద కూడా ఒక పల్సుగా లెక్కలో కలిసిపోతుంది, అంకె ఉన్నట్టుండి రెట్టింపవుతుంది. చదువుకునే రోజుల్లో అలా రెట్టింపైన అంకెను రికార్డు పుస్తకంలో శ్రద్ధగా ఎక్కించినవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఇంత వేగంగా లెక్కపెట్టే అవసరం మొదట రేడియోవాళ్లకు కాదు, అణువుల వెంట పడ్డవాళ్లకు వచ్చింది. రూథర్‌ఫర్డ్ శిష్యులు చీకటి గదుల్లో కూర్చుని తెర మీద మిణుకుమనే మెరుపులను కంటితో లెక్కపెట్టేవారు. ఆ తర్వాత వచ్చిన యాంత్రిక కౌంటర్లు కణాల వేగాన్ని అందుకోలేకపోయాయి. 1932లో కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో విన్-విలియమ్స్ అనే శాస్త్రవేత్త ఒక ఉపాయం పన్నాడు. వాయువు నింపిన థైరట్రాన్ గొట్టాలతో మెట్లు కట్టాడు. ఒక్కో మెట్టు తనకు అందిన రెండు పల్సులకు ఒకటే పైకి పంపుతుంది. ఐదు మెట్లు ఎక్కేసరికి 32 పల్సులకు ఒకటి మిగులుతుంది, దాన్ని యాంత్రిక కౌంటర్ తీరిగ్గా లెక్కేసుకుంటుంది. మన చేతి గడియారంలోని క్వార్ట్జ్ క్రిస్టల్ సెకనుకు 32,768 సార్లు కంపించడానికి కారణమూ ఈ మెట్లే. పదిహేనుసార్లు సగం చేస్తే మిగిలేది ఒకటి, అదే మన ‘టిక్’.

అప్పటికి రేడియోవాళ్లు శ్రుతి చూసే పద్ధతిలోనే ఉన్నారు. తెలిసిన ఫ్రీక్వెన్సీని తెలియనిదానితో కలిపి, వీణ తీగెలు రెండూ పూర్తిగా కలవనప్పుడు వినిపించే ఊగిసలాట లాంటిదాన్ని పట్టుకుని తేడా లెక్కగట్టేవారు. ఒక్క కొలతకు పది నిమిషాలు పట్టేది. 1949లో హ్యూలెట్-ప్యాకార్డ్‌లో చేరిన ఆల్ బ్యాగ్లీ అణు పరిశోధనల కోసం వేగమైన పల్సు కౌంటర్ మీద పనిచేశాడు. దానికే నిక్కచ్చిగా తెరుచుకునే గేటు పెడితే ఫ్రీక్వెన్సీ తెలుస్తుంది కదా! 1951 నాటి హెచ్‌పీ 524ఎ అలా పుట్టింది. 10 మెగాహెర్ట్జ్ దాకా రెండు సెకన్లలోపే లెక్క తేల్చేది.

అణువుల లెక్క నుంచి ఎలక్ట్రానిక్స్‌కు వచ్చిన ఈ దారి హైదరాబాద్‌కు కొత్త కాదు. మన ఎలక్ట్రానిక్స్ కూడా ఆ ఇంటి బిడ్డే. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు బెనారస్‌లో, స్టాన్‌ఫర్డ్‌లో చదివి, హోమీ భాభా అణు పరిశోధన బృందంలో చేరారు. అప్సర అణు రియాక్టర్ నియంత్రణ వ్యవస్థ రూపకల్పనలో ఆయనది ముఖ్యపాత్ర. 1967 ఏప్రిల్‌లో అణుశక్తి శాఖ కింద హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఇసిఐఎల్‌ను నిలబెట్టిందీ ఆయనే. అణు పరికరాలతో మొదలైన సంస్థ 1969కల్లా టీడీసీ-12 కంప్యూటర్ దాకా వెళ్లింది. 1998 నవంబరు 22న హైటెక్ సిటీలో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి ఇసిఐఎల్ వయసు 31. నగరానికి ఈశాన్యాన ఆయన పేరుతో ఉన్న ఏఎస్ రావు నగర్ అని బస్సు బోర్డు చదివేవాళ్లలో ఎందరికి ఈ సంగతి గుర్తొస్తుందో!

అదే 1967లో, అక్టోబరులో, ప్రపంచం కుంచాన్నే మార్చుకుంది. అప్పటిదాకా సెకను ఆకాశంలో భూమి నడక మీద ఆధారపడేది. ఇకమీదట సీజియం పరమాణువుకు చెందిన ఒకానొక వికిరణం 9,19,26,31,770 సార్లు ఊగితే ఒక సెకను అని నిర్ణయించారు. అంటే సెకనుకు నిర్వచనమే ఒక లెక్క అయిపోయింది.

లెక్కకు ఒక సహజ లోపముంది. కుంచం నిండని గింజలు అటో ఇటో పోవాల్సిందే. గేటు అంచున వచ్చిన పల్సు ఒకసారి లెక్కలో పడుతుంది, ఒకసారి పడదు. పది కోట్లలో ఒకటి పోతే ఎవరికి బాధ? కానీ కరెంటు 50 హెర్ట్జ్. సెకను గేటుతో చూస్తే 49 అనొచ్చు, 51 అనొచ్చు. మన గ్రిడ్ ఉండాల్సిన హద్దులేమో 49.90, 50.05. దక్షిణ గ్రిడ్ 48 దాపులకు దిగిన రోజులు చూసిన ఇంజినీర్లకు దశాంశ స్థానాల విలువ చెప్పక్కర్లేదు. అందుకే తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర పనిని తిరగేస్తారు. కరెంటు ఊగే ఒక్క ఊపునే గేటు చేసి, అది పూర్తయ్యేలోగా లోపలి 10 మెగాహెర్ట్జ్ గడియారం ఎన్ని పల్సులు కొట్టిందో చూస్తారు. 50 దగ్గర 2,00,000 వస్తాయి. 49.95కు పడితే మరో 200 పెరుగుతాయి. ఇప్పుడు తేడా దాగదు.

ఇక మిగిలింది కుంచం నిజాయితీ. గేటును తెరిచి మూసేది క్వార్ట్జ్ క్రిస్టల్, దానికి ఎండ పడదు, చలీ పడదు. మే నెలలో నగరమంతా ఏసీల కింద తల దాచుకుంటే, మంచి కౌంటర్లలో క్రిస్టల్‌ను చిన్న పొయ్యిలో పెట్టి, బయటి ఎండకన్నా ఎక్కువ వేడిలో నిలకడగా ఉంచుతారు. స్విచ్ వేసిన వెంటనే వచ్చిన అంకెను అనుభవమున్న వాళ్లు నమ్మరు. పొయ్యి కుదురుకోనిస్తారు.

హైటెక్ సిటీలో ఇప్పుడు కౌంటర్ పెట్టె అరుదైంది గానీ, లెక్క ఆగలేదు. ఫోన్ చిప్పులో దూరిపోయింది. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే పెద్ద 5జీ బేస్ స్టేషన్ పది కోట్లలో 5 వంతులకు మించి తప్పకూడదని నియమం, అంటే 175 హెర్ట్జ్. ఈ లెక్కను నిలబెట్టడానికి చాలాచోట్ల టవర్ పక్కన పుట్టగొడుగంత యాంటెన్నా ఒకటి ఉంటుంది. అది మాటలు మోయదు. ఉపగ్రహాల్లోని సీజియం, రుబీడియం గడియారాల సెకనును పట్టి, కింది క్రిస్టల్‌ను ఎప్పటికప్పుడు సరిదిద్దుతుంది.