ఖాళీ బండికి పరీక్ష

జీడిమెట్ల పారిశ్రామికవాడలో తెల్లవారుజామున లారీల రాకపోకలు విన్నవారికి ఒక చప్పుడు సుపరిచితము. డ్రైవరు బ్రేకు పెడలుమీది కాలు తీయగానే బండి ‘తుస్సు’మని గాలి విడుచును. పెద్ద బండ్లు ఆగునది ఆ గాలిబలముతోనే. ఇంజనుతోపాటు తిరుగు కంప్రెసరు ట్యాంకులో గాలి నింపును. ఆ గాలియే చక్రములయొద్ద బ్రేకు లైనింగులను డ్రమ్ములకు అదుమును. గొట్టము పగిలి కొద్దికొద్దిగా గాలి కారుచున్నను, లైనింగులు అరిగిపోయినను బండి యథాప్రకారము ముందుకు సాగును. ఆపవలసి వచ్చినప్పుడే లోపము బయటపడును.

ఫిట్‌నెస్ పరీక్ష ఏర్పడినది ఇందుకే. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 56వ సెక్షను ప్రకారము, ఈ పత్రము లేని రవాణా వాహనమునకు రిజిస్ట్రేషనే చెల్లదు. ఎనిమిదేండ్ల వయసువరకు రెండేండ్లకొకమారు, పిమ్మట ఏటేటా పరీక్ష జరుగవలెను. బ్రేకులు, స్టీరింగు, దీపములు, హారను, వైపర్లు చూతురు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. వానలో చక్రము క్రింది నీటిని ప్రక్కకు నెట్టునది ఆ గాడులే!

పరీక్షనాడు మంచి టైరు బిగించి, మరునాడు అరిగినదానిని తగిలించినచో పత్రము పసిగట్టగలదా? మనుష్యుని కన్ను పొరబడవచ్చునని కాబోలు, యంత్రములతో పరీక్షించు కేంద్రములకు 2021లో కేంద్ర ప్రభుత్వము నియమములు చేసినది. అచ్చట చక్రములను రోలర్లపై నిలిపి, ఏ చక్రము ఎంత బలముతో ఆగుచున్నదో కొలుతురు. మంచిదే. కాని యంత్రము సైతము ఆనాటి బండినే కొలుచును. అదియును సాధారణముగా ఖాళీ బండిని.

బరువెక్కిన బండి సంగతి వేరు. అదే వేగములో రెట్టింపు బరువును ఆపుటకు బ్రేకులు రెట్టింపు వేడిని భరింపవలెను. ఘాటు దిగునప్పుడు చిన్న గేరులో దిగక, బ్రేకునే నమ్ముకొన్నచో డ్రమ్ములు కాగి పట్టు సడలును. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. బస్సులో నూరుమంది దాకా క్రిక్కిరిసి యుండిరి. ఏ పరీక్షాకేంద్రములోను బండిని అంతమందితో నింపి, ఘాటు దింపి చూడరు.

కనుక మిగిలిన దినముల పరీక్ష డ్రైవరుది, క్లీనరుది. వెనుకటి జంట టైర్లలో లోపలిది కంటికి సరిగా ఆనదు. జీతము స్వల్పమైనను, నిద్ర చాలకున్నను, బయలుదేరుటకు ముందు క్లీనరు ఇనుపకడ్డీతో దానిని కొట్టి చూచును. గాలి నిండిన టైరు ఎగదన్నును. గాలి దిగినది మొద్దుగా పలుకును.