గ్రాఫీన్ కంపెనీలు – చిన్న మదుపుదారులు

ఏదైనా ఒక నూతన పదార్థం కనుగొనబడిందన్న వార్త వెలువడినప్పుడు దాని వెంట రెండు ఆశలు బయలుదేరుతాయి. ఆ పదార్థం వల్ల మానవాళికి మేలు కలుగుతుందన్నది మొదటి ఆశ. దానిని తయారుచేసే కంపెనీలో షేర్లు కొన్నవారికి లాభం కలుగుతుందన్నది రెండవ ఆశ. మొదటిది నెరవేరితే రెండవది దానంతటదే నెరవేరుతుందని చాలామంది భావిస్తారు. వాస్తవానికి ఈ రెంటి మధ్య దూరం చాలా ఎక్కువ. ఎందరో సామాన్యులు కష్టపడి కూడబెట్టుకున్న సొమ్ము ఆ దూరంలోనే కరిగిపోయింది. గత ఇరవై ఏళ్ళలో గ్రాఫీన్ అనే కర్బన పదార్థం చుట్టూ నడిచిన వ్యాపార చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణ. ఈ చరిత్రను నిదానంగా పరిశీలించడం ఎంతైనా అవసరం.

గ్రాఫీన్ అంటే ఏమిటి?

పెన్సిల్‌లో ఉండే నల్లని పదార్థం గ్రాఫైట్ అని అందరికీ తెలుసు. అది కర్బన పరమాణువుల పొరలు ఒకదానిపై ఒకటి పేర్చబడి ఏర్పడింది. ఒక్కొక్క పొరలో పరమాణువులు తేనెపట్టు గదుల మాదిరిగా ఆరు మూలల అల్లికలో అమరి ఉంటాయి. ఒక మిల్లీమీటరు మందం గల గ్రాఫైట్‌లో ఇటువంటి పొరలు సుమారు 30 లక్షలు ఉంటాయి. వాటిలో ఒకే ఒక్క పొరను విడదీస్తే దానికే గ్రాఫీన్ అని పేరు.

ఇంగ్లాండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రే గీమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్ అనే శాస్త్రవేత్తలు, తమ సహచరులతో కలిసి, 2004లో దీనిని వేరుచేసి చూపారు. వారు వాడిన సాధనం మామూలు అంటుకునే టేపు. గ్రాఫైట్‌పై టేపు అంటించి లాగుతూ, పొరలను పలుచన చేస్తూ పోయారు. ఈ కృషికి 2010లో వారిద్దరికీ భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఈ పదార్థం విద్యుత్తును, వేడిని అద్భుతంగా ప్రసారం చేస్తుంది. లోపం లేని ఒక్క పొరను పరీక్షించినప్పుడు అది ఉక్కును ఎన్నో రెట్లు మించిన బలాన్ని కనబరిచింది.

ఇక్కడ "లోపం లేని ఒక్క పొర" అన్న మాటలను గుర్తుంచుకోవాలి. ఆ బలం సూక్ష్మదర్శిని కింద కనిపించే చిన్న తునకకు సంబంధించినది. బస్తాల్లో నింపి అమ్మే నల్లని పొడికి అదే గుణం యథాతథంగా ఉంటుందని అనుకోవడం పొరపాటు.

ప్రయోగశాల నుండి షేర్ మార్కెట్‌కు

నోబెల్ బహుమతి తరువాత ప్రభుత్వాలు కూడా ముందుకు వచ్చాయి. ఐరోపా సంఘం 2013లో పదేళ్ళ కాలానికి 100 కోట్ల యూరోల పరిశోధన పథకాన్ని ప్రారంభించింది. మాంచెస్టర్‌లో 6 కోట్ల 10 లక్షల పౌన్ల ఖర్చుతో నిర్మించిన జాతీయ గ్రాఫీన్ సంస్థ 2015లో ప్రారంభమైంది. విశ్వవిద్యాలయాల నుండి చిన్న కంపెనీలు పుట్టుకొచ్చాయి. వాటిలో కొన్ని లండన్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ వారి 'ఎయిమ్' అనే విభాగంలో షేర్లు అమ్మకానికి పెట్టాయి. 1995లో ఏర్పడిన ఈ విభాగం ఎదుగుతున్న చిన్న కంపెనీల కోసం ఉద్దేశించబడింది. ఇందులో ప్రవేశించడానికి ఇన్నేళ్ళ వ్యాపార చరిత్ర ఉండి తీరాలన్న నియమం లేదు. పైగా బ్రిటన్‌లో పన్ను మినహాయింపు గల పొదుపు ఖాతాలతో ఈ షేర్లను కొనవచ్చునని 2013 ఆగస్టులో ప్రభుత్వం అనుమతించింది. ఆ విధంగా సామాన్య కుటుంబాల పొదుపుకు ఈ మార్కెట్ తలుపులు తెరుచుకున్నాయి.

డర్హమ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన అప్లయిడ్ గ్రాఫీన్ మెటీరియల్స్ అనే కంపెనీ అదే సంవత్సరం నవంబరులో ఈ మార్కెట్‌లో అడుగుపెట్టింది. షేరు ధర 155 పెన్సులు. సమీకరించిన మొత్తం కోటి 10 లక్షల పౌన్లు. గ్రాఫైట్‌ను విడదీయకుండా, ఇథనాల్ నుండి గ్రాఫీన్ పొడిని తయారుచేసే పద్ధతి వారిది. ఆ పదార్థం గాలపు కర్రలలోనూ, తుప్పు నిరోధక రంగులలోనూ వాడుకలోకి వచ్చింది. అంటే అది మోసపు కంపెనీ కాదు. విజ్ఞానం నిజం, ఫ్యాక్టరీ నిజం, సరుకు నిజం. అయినా అమ్మకాలు ఖర్చులను అందుకోలేకపోయాయి. చివరకు 2023లో కంపెనీ తన వ్యాపారాన్ని 13 లక్షల పౌన్లకు మరొక సంస్థకు అమ్మివేసింది. పదేళ్ళ క్రితం ఒక్క దఫాలో సమీకరించిన సొమ్ములో ఇది ఎనిమిదవ వంతు కూడా కాదు.

మదుపుదారుల మధ్య చర్చ

ఇటువంటి కంపెనీల చిన్న మదుపుదారులు తమలో తాము ఎడతెగకుండా చర్చించుకుంటారు. ఆ చర్చలో సాధారణంగా మూడు స్వరాలు వినిపిస్తాయి.

మొదటి స్వరం నమ్మకానిది. "ఈ పదార్థం ప్రపంచాన్ని మార్చివేస్తుంది, ఓపిక పట్టినవారికే ఫలం" అని అది అంటుంది. రెండవ స్వరం లెక్కలది. "సంవత్సరానికి ఖర్చు ఎంత? చేతిలో ఉన్న నగదు ఎన్ని నెలలకు సరిపోతుంది?" అని అది అడుగుతుంది. మూడవ స్వరం నష్టపోయినవాడిది. అతడు ఎక్కువ ధరకు కొన్నాడు. ధర సగానికి పడిపోయింది. ఇప్పుడు ఏమి చేయాలో తెలియక సతమతమవుతున్నాడు.

ఈ మూడవవాడికి తరచుగా లభించే సలహా ఒకటుంది. "ధర తగ్గింది గనుక ఇంకొన్ని కొని సగటు ధర తగ్గించుకో" అన్నదే ఆ సలహా. 100 రూపాయల చొప్పున 1,000 షేర్లు కొన్నవాడు 50 రూపాయల చొప్పున మరో 1,000 కొంటే సగటు ధర 75 అవుతుంది. కాగితంపై ఇది ఊరటనిస్తుంది. కాని కంపెనీ పరిస్థితి ఇసుమంతైనా మారలేదు. మారినదల్లా ఒక్కటే: ఒకే ఇంట్లో లక్ష రూపాయలకు ఉన్న ప్రమాదం ఇప్పుడు లక్షా యాభై వేలకు పెరిగింది.

మరొక విషయం గమనించదగ్గది. షేర్లు ఉన్నవారు నలుగురు ఒకచోట చేరినప్పుడు, సందేహం వెలిబుచ్చినవాడిని శత్రువుగా చూసే ధోరణి ప్రబలుతుంది. అతడు ధర పడగొట్టాలని చూస్తున్నాడన్న అనుమానం వస్తుంది. నిజానికి ఆ సందేహమే వారికి అత్యవసరమైన మందు. పొగడ్త కంపెనీ ప్రకటనలలో కావలసినంత దొరుకుతుంది.

పెరిగే షేర్లు, తగ్గే వాటా

చిన్న మదుపుదారులకు అంతుపట్టని నష్టం మరొకటి ఉంది. అమ్మకాలు లేని కంపెనీ జీతాలు, పరిశోధన, యంత్రాల కోసం మళ్ళీ మళ్ళీ కొత్త షేర్లు అమ్మవలసి వస్తుంది. ఒక ఊహాత్మకమైన లెక్క చూడండి.

ఒక కంపెనీకి కోటి షేర్లు ఉన్నాయి. ఒక ఉపాధ్యాయుడు 100 రూపాయల చొప్పున 1,000 షేర్లు కొన్నాడు. అంటే కంపెనీలో పదివేలవ వంతు అతనిది. కొంతకాలానికి ధర 50కి పడినప్పుడు కంపెనీ 25 కోట్లు సమీకరించింది. ఇందుకు 50 లక్షల కొత్త షేర్లు అమ్మింది. తరువాత ధర 25 ఉన్నప్పుడు మరో 25 కోట్ల కోసం కోటి షేర్లు, ధర 10కి చేరినప్పుడు ఇంకో 25 కోట్ల కోసం రెండున్నర కోట్ల షేర్లు అమ్మింది. ఇప్పుడు మొత్తం షేర్లు 5 కోట్లు. ఉపాధ్యాయుడి చేతిలో అవే 1,000 షేర్లు ఉన్నాయి. కాని అతని వాటా యాభైవేలవ వంతుకు తగ్గింది.

చివరకు కంపెనీ గట్టెక్కి ఏటా 5 కోట్ల లాభం సంపాదించిందనుకుందాం. మొదట్లోనే ఆ లాభం వచ్చి ఉంటే అతని వంతు 5,000 రూపాయలు. ఇప్పుడు 1,000 రూపాయలు మాత్రమే. అంటే అతని అంచనా నిజమైంది, కంపెనీ గెలిచింది, అయినా ఫలంలో ఐదింట నాలుగు వంతులు అతని చేయి జారిపోయింది. ఓపిక పడితే చాలునన్న మాట ఎంత అసంపూర్ణమో దీనివల్ల స్పష్టమవుతుంది.

పేరు ఒకటి, సరుకు ఒకటి

సరుకు నాణ్యత విషయం కూడా సామాన్యుడికి అందనిది. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వివిధ దేశాలకు చెందిన 60 కంపెనీల నమూనాలను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. చాలా కంపెనీల పొడిలో అసలైన గ్రాఫీన్ 10 శాతం కూడా లేదు. ఏ ఒక్క నమూనాలోనూ 50 శాతం దాటలేదు. మిగిలినదంతా అధిక భాగం సన్నగా నలిగిన గ్రాఫైటే. ఈ పరిస్థితిలో కొనుగోలుదారైన రంగుల కంపెనీ లేక ప్లాస్టిక్ కంపెనీ ప్రతి సరుకునూ తానే నెలల తరబడి పరీక్షించుకోక తప్పలేదు. అమ్మకాలు ఆలస్యం కావడానికి ఇది ఒక ముఖ్య కారణం.

పెద్ద కొనుగోలుదారుడు దొరికినంత మాత్రాన కష్టాలు తీరవు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఎక్స్‌జి సైన్సెస్ అనే కంపెనీ ఉండేది. ఆ కంపెనీ పదార్థాన్ని తన కార్ల విడిభాగాలలో వాడుతున్నట్లు ఫోర్డ్ సంస్థ 2018లో ప్రకటించింది. ఇంతకంటే శుభవార్త ఏముంటుందని ఎవరైనా అనుకుంటారు. కాని ఆ భాగాలలో కలిపే గ్రాఫీన్ పాలు అర శాతం కంటే తక్కువ. గుణం గొప్పది గనుకనే కొద్దిగా చాలు. కొద్దిగా చాలు గనుకనే అమ్మకం కొద్ది. 2022లో ఆ కంపెనీ ఆస్తులను కెనడాకు చెందిన నానోఎక్స్‌ప్లోర్ 30 లక్షల డాలర్లకు కొనుక్కుంది. పదార్థం నిలిచింది, కంపెనీ నిలవలేదు.

కార్బన్ ఫైబర్ చెప్పే పాఠం

ఇది మొదటిసారి జరిగినది కాదు. 1960లలో బ్రిటన్ శాస్త్రవేత్తలు ఫార్న్‌బరోలో బలమైన కార్బన్ ఫైబర్ తయారీ పద్ధతిని రూపొందించారు. రోల్స్ రాయిస్ కంపెనీ తన ఆర్‌బి 211 విమాన ఇంజను రెక్కలను దానితో చేయాలని తలపెట్టింది. పక్షులు ఢీకొంటే తట్టుకోగలవా అన్న పరీక్షలో ఆ రెక్కలు పగిలిపోయాయి. వాటి స్థానంలో టైటానియం వాడవలసి వచ్చింది. ఆ ఇంజను ఖర్చులు పెరిగిపోయి, 1971 ఫిబ్రవరి 4న అంతటి ప్రసిద్ధ కంపెనీ దివాలా స్థితికి చేరింది. రెక్కల వైఫల్యం అందుకు గల కారణాలలో ఒకటి మాత్రమే.

అదే 1971లో జపాన్‌లోని టోరే కంపెనీ కార్బన్ ఫైబర్‌ను మార్కెట్‌లో ప్రవేశపెట్టింది. మొదట అది గాలపు కర్రలకు, గోల్ఫ్ కర్రలకు పనికివచ్చింది. క్రమంగా విమానాలలోకి ప్రవేశించింది. 2011లో ప్రయాణికుల సేవలో ప్రవేశించిన బోయింగ్ 787 విమానం బరువులో దాదాపు సగం ఇటువంటి మిశ్రమ పదార్థాలదే. మన హైదరాబాదులో సైతం క్షిపణుల కోసం రూపొందించిన తేలికపాటి కర్బన మిశ్రమంతో పోలియో పిల్లలకు కాలి పట్టీలు తయారుచేశారు. మూడు కిలోలకు పైగా ఉన్న పట్టీల బరువు సుమారు 300 గ్రాములకు తగ్గింది.

కాబట్టి కార్బన్ ఫైబర్‌పై పెట్టుకున్న ఆశ అబద్ధం కాలేదు. కాని అది ఫలించడానికి నలభై ఏళ్ళు పట్టింది. టోరేకు నైలాన్, పాలిస్టర్ వంటి ఇతర వ్యాపారాల ఆదాయం ఉంది గనుక అంతకాలం వేచి ఉండగలిగింది. ఒకే పదార్థాన్ని నమ్ముకున్న చిన్న కంపెనీకి ఆ వెసులుబాటు ఉండదు. ఆ కంపెనీ షేర్లు కొన్న చిన్న ఉద్యోగికి అసలే ఉండదు.

అడగవలసిన ప్రశ్నలు

ఈ అనుభవాల నుండి కొన్ని ప్రశ్నలు రూపుదిద్దుకుంటాయి.

మొదటిది: కంపెనీ చేతిలో ఉన్న నగదు ఎన్ని నెలల ఖర్చుకు సరిపోతుంది? రెండవది: గత ఐదేళ్ళలో మొత్తం షేర్ల సంఖ్య ఎంత పెరిగింది? మూడవది: ప్రకటించిన ఒప్పందం కేవలం అవగాహన పత్రమా, నమూనాల పరీక్షా, లేక డబ్బు చెల్లించిన ఆర్డరా? ఒకసారి కొన్నవారు రెండవసారి కొన్నారా? నాలుగవది: ప్రభుత్వ గ్రాంటులను మినహాయిస్తే సరుకు అమ్మకం వల్ల వచ్చిన ఆదాయం ఎంత? ఐదవది: అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ సొమ్ము పూర్తిగా పోయినా ఇంటి అద్దె, పిల్లల చదువు, పెద్దల వైద్యం ఆగకుండా ఉంటాయా?

మొదటి నాలుగు ప్రశ్నలకు సమాధానాలు కంపెనీ వార్షిక నివేదికలలోనూ, అది విడుదల చేసే ప్రకటనలలోనూ చాలావరకు దొరుకుతాయి. ఐదవ ప్రశ్నకు సమాధానం ఏ నివేదికలోనూ ఉండదు. దానిని ఎవరి ఇంట్లో వారే వెతుక్కోవాలి. ఆ సమాధానం "లేదు" అయినప్పుడు, పదార్థం ఎంత గొప్పదైనా ఆ షేర్లు ఆ ఇంటికి తగినవి కావు.

నూతన విజ్ఞానానికి పెట్టుబడి అవసరమే. ఎవరూ సాహసించకపోతే ఏ ఆవిష్కరణా ప్రయోగశాల గడప దాటదు. అయితే ఆ సాహసం చేసేవాడికి తాను ఏమి కొంటున్నాడో తెలిసి ఉండాలి. అతడు కొంటున్నది గ్రాఫీన్‌ను కాదు. ఖర్చులు, అప్పులు, పోటీ, కాలం అన్నిటితో పోరాడవలసిన ఒక కంపెనీలో చిన్న భాగాన్ని మాత్రమే. ఈ తేడాను గ్రహించినవాడు లాభం వస్తే పొంగిపోడు, నష్టం వస్తే రోడ్డున పడడు.