లోపలా... బయటా?

సినిమా నవ్వుకీ ఫోన్ నవ్వుకీ మధ్య ఎర్రగడ్డలో పెరగడం

ఎర్రగడ్డలో పెరిగినవాళ్ళకి ఒక ప్రశ్న తప్పదు. కాలేజీలో కొత్తగా పరిచయమైన కుర్రాడు కావచ్చు, ఉద్యోగంలో మొదటిరోజు పక్క సీటాయన కావచ్చు, పెళ్ళిచూపుల్లో అవతలి పక్షం పెద్దమనిషి కావచ్చు... ‘ఉండేది ఎక్కడ?’ అంటారు. ‘ఎర్రగడ్డ’ అంటాం. ‘లోపల్నా, బయట్నా?’ అని వెంటనే వచ్చేస్తుంది. హైదరాబాద్ పిచ్చాసుపత్రి ఉన్నది మా ఎర్రగడ్డలోనే మరి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. మనమూ నవ్వాలి. నవ్వలేదో, ‘ఇయ్యాల గోలీ ఏసుకోలేదా?’ అని రెండోది పడుతుంది.

దీనికి మా తరం పిల్లలం ఒక విరుగుడు కనిపెట్టాం. ఎవరైనా అడ్రసు అడిగితే ‘సనత్‌నగర్ పక్కన’ అనో ‘ఈఎస్ఐ దగ్గర’ అనో చెప్పేవాళ్ళం. వెంగళరావునగర్ వైపు వీధుల్లో ఇల్లున్నవాళ్ళు అదృష్టవంతులు. ఆ పేరు చెప్పి బయటపడేవాళ్ళు.

జోకు పుట్టించింది ఎవరో గానీ ఊరూరా పంచింది మాత్రం సినిమా. మద్రాసులో తెలుగు సినిమాలు తీసిన రోజుల్లో పిచ్చాసుపత్రి అంటే కీల్పాక్. విశాఖపట్నం వాళ్ళకి చినవాల్తేరు. పరిశ్రమ హైదరాబాద్‌కి సామాను సర్దుకుని వచ్చినప్పుడు ఆ జోకునూ మోసుకొచ్చింది, కీల్పాక్ చోట్లో ఎర్రగడ్డ వచ్చి కూర్చుంది. రాసేవాళ్ళకి మేం పెద్ద దూరం కూడా కాదు. ఫిల్మ్‌నగర్‌లో బయల్దేరి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, కృష్ణానగర్, యూసుఫ్‌గూడ మీదుగా దిగితే, ట్రాఫిక్ కరుణిస్తే అరగంటలో ఆసుపత్రి గేటు ముందుంటారు. అలా వచ్చి చూసి రాశారా అంటే, ఆ సీన్లు చూశాక నాకైతే నమ్మకం లేదు. తెల్ల గౌను, చంకలో బొమ్మ, కరెంటు షాకు, డాక్టర్నే కరిచే రోగి. ముప్పై ఏళ్ళుగా అవే నాలుగు సరుకులు.

నిజాం కాలంలో జాల్నాలో ఉన్న ఆసుపత్రిని 1953లో ఇక్కడికి తెచ్చారు. ఇప్పుడు దాని పేరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, 600 పడకలు. పొద్దున్నే ఓపీ వరుసలో నిలబడేది మనలాంటి మనుషులే. నిద్రపట్టని గృహిణి, మందు మానలేని మొగుణ్ణి లాక్కొచ్చిన ఇల్లాలు, గదిలోంచి బయటికి రాని కొడుకు కోసం చీటీ పట్టుకుని నిలబడ్డ తండ్రి. ఎక్కువమంది మందులు రాయించుకుని అదే రోజు బస్సెక్కి వెళ్ళిపోతారు. కామెడీ సీనుకి పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరకదు.

ఇంకో తమాషా ఉంది. జూబ్లీహిల్స్ అసెంబ్లీ నియోజకవర్గంలో ఎర్రగడ్డ, బోరబండ, రహ్మత్‌నగర్, యూసుఫ్‌గూడ అన్నీ ఉన్నాయి. ఓటరు కార్డు మాట నమ్మితే మేమూ జూబ్లీహిల్స్ వాళ్ళమే! కొండ మీద సినిమా గేటు, కొండ కింద ఆసుపత్రి గేటు. పై గేటు దాటి లోపలికి పోవాలని కృష్ణానగర్ గదుల్లో ఎంతోమంది ఏళ్ళ తరబడి కాచుకుని ఉంటారు. కింది గేటు పేరు చెబితే ఆమడ దూరం పోతారు. ఈ రెండు గేట్ల మధ్య మేం పెద్దవాళ్ళమవుతుండగా ఇంటర్నెట్ వచ్చింది.

పేట అడగని చోటు

మొదట నెట్ సెంటర్ రూపంలో వచ్చింది. ప్లైవుడ్ క్యాబిన్లు, తలుపు బదులు పరదా, గంటకింతని డబ్బులు, టైమైపోతే బయటి నుంచి ఓనరు కేక. ఎంసెట్ ర్యాంకు చూసుకునేదీ అక్కడే, అమెరికాలో ఉన్నానని చెప్పుకునే ఎవరితోనో యాహూలో చాటింగ్ చేసేదీ అక్కడే. తర్వాత మా ఇంటికే కంప్యూటరు వచ్చింది. ఎర్రగడ్డ ఆదివారం అంగడి తెలిసినవాళ్ళకి ఎలా వచ్చిందో చెప్పక్కర్లేదు. మానిటర్ ఒక గోనెపట్టా మీద, కీబోర్డు ఇంకో పట్టా మీద, లోపలి సామాను మూడో మనిషి దగ్గర. గ్యారంటీ ఏంటి భాయ్ అని నాన్న అడిగితే అమ్మేవాడు ఆకాశం చూపించాడు.

ఆ కంప్యూటర్లో ఆర్కుట్ తెరిచి నా ఊరు హైదరాబాద్ అని రాసుకున్నాను. పేట ఏదని అది అడగలేదు. పేరు, ఫొటో, నచ్చిన హీరో చాలు. ‘లోపల్నా’ అనేవాడు లేని మొదటి చోటు నాకు అదే. పిల్లలు ఎప్పుడూ ఫోన్లోనే ఉంటారని పెద్దలు విసుక్కున్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. బయట ఏదో ఒక గుర్తుతో పిలిపించుకునే పిల్లలకి, ఆ గుర్తు లేకుండా నాలుగు మాటలు మాట్లాడే చోటు దొరకడం చిన్న విషయమేం కాదు. నల్లగా ఉన్నాడనో, లావుగా ఉందనో, నత్తి అనో, ఫలానా బస్తీ అనో ఏదో ఒకటి ఉండనే ఉంటుంది.

2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. నెట్ సెంటర్లు జిరాక్సు షాపులయ్యాయి. అప్పటిదాకా గంటల లెక్కన కొనుక్కున్న ఇంటర్నెట్ దిండు కిందికి చేరింది. దానితోపాటే పాత సినిమా జోకులన్నీ కొత్త బట్టలు కట్టుకుని వచ్చాయి.

బ్రహ్మానందం లేని రోజు

తెలుగువాళ్ళ మీమ్ చరిత్ర ఎవరైనా రాస్తే మొదటి అధ్యాయం బ్రహ్మానందం గారిదే. ‘అహ నా పెళ్ళంట’ 1987 నాటిది. ‘ఢీ’ 2007, ‘రెడీ’, ‘కింగ్’ 2008. ఆ సినిమాలు విడుదలైనప్పుడు పుట్టని పిల్లలు కూడా ఆయన వేసిన చారినీ మెక్‌డోవెల్ మూర్తినీ గుర్తుపడతారు. పరీక్ష పోయినా, ప్రేమ పోయినా, జీతం పడకపోయినా ఆయన మొహమే పెడతారు. నోటితో చెప్పుకోలేని బాధని ఆ మొహంతో చెప్పుకున్న తరం మాది. దాన్ని నేను చిన్నచూపు చూడలేను. అదే బ్రహ్మానందం 2023లో ‘రంగమార్తాండ’లో ఏడిపిస్తే థియేటర్లో పక్కన కూర్చున్న కుర్రాడు కళ్ళు తుడుచుకుంటూ, ‘ఈయన మీద ఎన్ని మీమ్స్ చేశానో’ అన్నాడు.

అయితే ఆ సీన్లలో జరిగేదేమిటో ఒకసారి చూడండి. చాలావాటిలో ఒకణ్ణి నలుగురూ కలిసి ఆడుకుంటారు, చెంప మీద కొడతారు, పిచ్చోణ్ణి చేస్తారు. దెబ్బ తిన్నవాడి మొహం మీద కెమెరా ఆగుతుంది. మనం నవ్వుతాం. ఇంటర్నెట్ పిల్లల్ని చెడగొట్టిందని టీవీ చర్చల్లో పెద్దలు బాధపడుతుంటే నాకు ఆశ్చర్యమేస్తుంది. నలుగురు కలిసి ఒకడి మీద నవ్వడం కుటుంబ సమేతంగా థియేటర్‌కి తీసుకెళ్ళి నేర్పింది మనమే కదా! ఇంటర్నెట్ కొత్తగా చేసిందల్లా ఆ ఒకణ్ణి తెర మీంచి మన వీధిలోకి దింపడమే. తెర మీద ఉన్నది నటుడు, దెబ్బ తిన్నందుకు డబ్బులు తీసుకున్నాడు. వీధిలో ఉన్నవాడికి ఆ డబ్బుల సంగతే తెలీదు.

ట్రోలింగ్‌ని జీర్ణం చేసుకోవడానికి కూడా ఒక స్థాయి ఉండాలి. ‘పల్నాటి బ్రహ్మనాయుడు’ (2003)లో తొడకొడితే రైలు వెనక్కి పోయే సీను తెలుగు రాని వాళ్ళకి కూడా తెలుసు. ఏళ్ళ తరబడి ఆ సీనుతో ఆడుకున్నారు. ఆ సినిమా హీరో బాలకృష్ణ 2021 నవంబరులో ఆహా ఓటీటీలో ‘అన్‌స్టాపబుల్’ టాక్ షో మొదలుపెట్టి, తన మీద నవ్విన తరాన్నే ఎదురుగా కూర్చోబెట్టుకుని చప్పట్లు కొట్టించుకున్నారు. వెనక అంత పేరు, అంత కుటుంబం, అంతమంది అభిమానులు ఉన్న మనిషి చేయగలిగిన పని అది. బోరబండ ఇంటర్ అమ్మాయి రీల్‌ని ఎవడో ట్రోల్ పేజీలో వేస్తే ఆ పిల్ల ఏ షో మొదలుపెడుతుంది?

2024 జులైలో ఏం జరిగిందో గుర్తుండే ఉంటుంది. ఒక తండ్రి తన చిన్నారి కూతురితో చేసిన వీడియో మీద కొందరు తెలుగు యూట్యూబర్లు లైవ్‌లో కూర్చుని, ఇక్కడ రాయలేని మాటలు మాట్లాడి పగలబడి నవ్వారు. నటుడు సాయి ధరమ్ తేజ్ దాన్ని ఎక్స్‌లో రెండు రాష్ట్రాల ప్రభుత్వాల దృష్టికి తెచ్చారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టింది, ముఖ్య నిందితుణ్ణి బెంగళూరులో పట్టుకున్నారు. ఇలాంటివాటికి డార్క్ కామెడీ అని ఒక పేరుంది. అదేం కొత్త సరుకు కాదు. ఎదురు చెప్పలేనివాణ్ణి మధ్యలో నిలబెట్టి చుట్టూ చేరడం, అంతే.

అట్లాగని ఫోన్ని తిట్టి ఊరుకుంటే అన్యాయం చేసినట్టే. నవ్వు పైకి ఎగబాకిన సందర్భాలూ చూశాం. 2014 ఏప్రిల్‌లో ‘హృదయ కాలేయం’ వచ్చింది. పోస్టరు గురించి రాజమౌళి ట్వీట్ చేసేసరికి సంపూర్ణేష్ బాబు ఎవరని రాష్ట్రమంతా వెతికింది. ఆ సినిమాలో వెక్కిరింపుకి గురైంది పెద్ద హీరోల ఆర్భాటం. కొండ కింది నుంచి కొండ మీదికి విసిరిన జోకు అది. తీసిన సాయి రాజేష్ తర్వాత ‘కలర్ ఫొటో’కి కథ ఇచ్చారు. ఒంటి రంగు చూసి మనిషిని వెక్కిరించే అలవాటు మీద వచ్చిన ఆ 2020 సినిమాలో హీరో సుహాస్, యూట్యూబ్ షార్ట్ ఫిల్ముల నుంచి వచ్చినవాడు. దానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు దక్కింది. 2023లో ‘బేబీ’ వచ్చింది. బస్తీలో పెరిగి కాలేజీలో కొత్త ప్రపంచం చూసిన అమ్మాయి కథ. చేసిన వైష్ణవి చైతన్య కూడా వెబ్ సిరీస్‌ల నుంచి వచ్చిన పిల్లే. ఆ స్క్రీన్‌ప్లేకి 2025లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో చోటు దొరికింది. ఆ సినిమా అమ్మాయిల గురించి చెప్పిన మాటలతో నాకు పేచీలున్నాయి గానీ, ఆ పాత్రని మోసిన నటి పై గేటు దగ్గర ఎవరి సిఫారసు కోసమో కాచుకుని కూర్చోలేదన్నది సంతోషం.

గంగవ్వ సంగతి సరేసరి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో యూట్యూబ్‌కి ‘మై విలేజ్ షో’ చేసుకునే అవ్వ 2020లో అన్నపూర్ణ స్టూడియోస్‌లో వేసిన బిగ్‌బాస్ ఇంట్లోకి అడుగుపెట్టింది. ఎవరూ ఆమెని యాస సరిదిద్దుకోమనలేదు.

ఒక వీడియో, ఒక వారం

నా దృష్టిలో ఎర్రగడ్డ నుంచి ప్రపంచానికి వెళ్ళిన వీడియోల్లో మరిచిపోకూడనిది ఒకటుంది. 2020 జూన్ చివరి వారంలో ఇక్కడి ఛాతీ ఆసుపత్రి మంచం మీంచి ముప్పై దాటిన ఒక యువకుడు తండ్రికి సెల్ఫీ వీడియో పంపాడు. ఊపిరి ఆడట్లేదని, పెట్టిన గాలి తీసేశారని చెప్పి సెలవు తీసుకున్నాడు. కాసేపటికే చనిపోయాడు. ఆరోపణలో నిజం లేదని ఆసుపత్రి అధికారులు అన్నారు. కరోనా మొదటి వేవ్‌లో ఆ వీడియో చూడని తెలుగు ఇల్లు తక్కువ. ఆ వారమే, జూన్ 29న, కేంద్రం టిక్‌టాక్‌ని నిషేధించింది. మా వీధి పిల్లలు డ్యాన్సు వీడియోలు పోయాయని ఏడుస్తుంటే పెద్దవాళ్ళు ఆ కుర్రాడి వీడియో చూసి ఏడ్చారు. అన్నీ ఒకే ఫోన్లో, వేలితో పైకి తోస్తే ఒకదాని కింద ఒకటి.

2025 జూన్‌లో మానసిక ఆసుపత్రిలో ఆహారం వికటించి పదుల సంఖ్యలో రోగులు జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. ఏడాది పొడుగునా ఎర్రగడ్డ పేరుతో నా ఫోన్‌కి వచ్చే మీమ్‌లకి లెక్కలేదు. ఆ వారం ఆ వార్తని పంపినవాళ్ళు మాత్రం నాకు కనబడలేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, చికిత్సలో ఉన్న మనిషి ఫొటోని గానీ వివరాల్ని గానీ అతని అనుమతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదు. మైకు పట్టుకుని గేటు దగ్గర తిరిగే యూట్యూబ్ కుర్రాళ్ళకి ఈ మాట ఎవరైనా చెప్పాలి. మరి వాళ్ళకి థంబ్‌నెయిల్ రాయడం నేర్పిన పెద్ద ఛానళ్ళకి ఎవరు చెప్పాలి?

ఫిల్మ్‌నగర్ రచయితలకి నాదొక విన్నపం. జోకు మానెయ్యమని అడగను, అడిగినా వినరు. 2019లో ‘మెంటల్ హై క్యా’ అనే హిందీ సినిమా మానసిక వైద్యుల సంఘం అభ్యంతరం చెప్పాక పేరు మార్చుకుంది. అంత దూరం కూడా పోవద్దు. తెర మీద ఎవరైనా సిగరెట్ వెలిగిస్తే కింద హెచ్చరిక వేస్తున్నారు. 2023 సెప్టెంబరు నుంచి ఓటీటీల్లోనూ వేస్తున్నారు. అలాగే మీ సీన్లో ఎవరైనా ఎర్రగడ్డ పేరెత్తి నవ్వించినప్పుడు ఆ మూల ఒక చిన్న నంబరు వేయండి: 14416, మానసిక సాయానికి టెలిమానస్. 2022 నుంచి పనిచేస్తోంది, డబ్బులు అడగరు, తెలుగులో మాట్లాడతారు. థియేటర్లో నవ్వుతున్న వందమందిలో ఆ నంబరు కావలసినవాళ్ళు తప్పకుండా ఉంటారు.