తరిగొండ అవ్వ తెగువ

తిరుమల అన్నప్రసాద భవనానికి తరిగొండ వెంగమాంబ పేరుంది. అక్కడ భోంచేసినవాళ్లలో ఆమె రాసిన ఒక్క పుస్తకం పేరైనా చెప్పగలిగేవాళ్లు తక్కువ. 1730లో తరిగొండలో పుట్టి 1817లో తిరుమలలో కన్నుమూసిన ఈ అవ్వను భక్తురాలిగా కొలిచి ఊరుకున్నాం. ఆమె తెగువనూ కవిత్వాన్నీ పక్కన పెట్టేశాం, అది అన్యాయం. చిన్నతనంలోనే భర్త పోయినా పసుపు కుంకుమలు వదలనందనీ, ఊళ్లో నిందలు పడలేక తిరుమల కొండెక్కిందనీ, అక్కడి తుంబురుకోనలో ఏళ్ల తరబడి తపస్సు చేసిందనీ తరిగొండ సీమలో చెప్పుకుంటారు.

అవన్నీ కట్టుకథలు కావా అని అడగవచ్చు. కొన్నింటికి జనం నోటిమాటే ఆధారం, నిజమే. కానీ గ్రంథాలు కళ్లెదుట ఉన్నాయి: వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, యోగం మీద రాజయోగామృతసారం, ఆడి పాడడానికి యక్షగానాలు. ఆడపిల్లకు అక్షరమే అందని కాలంలో ఇన్ని ప్రక్రియల్లో చెయ్యి తిరగడం ఉత్త భక్తితో అయ్యే పని కాదు. ద్విపదలో భాగవతకథ నడపాలంటే ఛందస్సు మీద పట్టుండాలి, ఏళ్ల సాధన ఉండాలి. పిల్లల్లేని మనిషి అవ్వ ఎలా అవుతుందంటారా? రాత్రి ఏకాంతసేవలో స్వామికి ఇచ్చే ముత్యాలహారతి ఇప్పటికీ ఆమె పేరు మీదే జరుగుతుంది. ఇంతకంటే వారసత్వం ఏముంటుంది! తిరుమలలో దర్శనమయ్యాక ఆమె సమాధి అయిన బృందావనం కూడా చూడండి, ఆమె పుస్తకం ఒక్కటైనా చదవండి.