పేరుగల ఆటలు: వర్తకమునకు నిలుచునా?

దిల్‌సుఖ్‌నగరున మెట్రో దిగి లాల్‌బహదూర్ నగరు వైపు నడచువారికి రెండు విధములగు దుకాణములు కానవచ్చును. ఒకదానియందు కంప్యూటరు విద్య నేర్పుదురు. రెండవదానియందు కప్పులమీద ఫోటోలచ్చువేసి కానుకలుగా నమ్ముదురు. ఈ రెంటిని జోడించి, పుచ్చుకొనువారి పేరును ముఖమును గల వీడియో ఆటను పుట్టినరోజునకో పెండ్లికో అమ్మిన గిట్టునా? పొలమమ్మి ఫీజు కట్టిన తండ్రికి ఇది వినోదపు ప్రశ్న కాదు.

మనకీ వర్తకము క్రొత్తది కాదు. వధూవరుల పేర్లు పొదిగిన పద్యములను రంగుకాగితములపై అచ్చొత్తించి పెండ్లిపందిట పంచుట మనమెరిగినదే. పేర్లు మార్చి ఒకే పద్యమును పలు పెండ్లిండ్లకు నడపిన కవులును లేకపోలేదు. వారిని మేము నిందింపము. లండనులో 2012లో వెలసి నేడు వండర్‌బ్లై యనబడు సంస్థ, శిశువు పేరులోని అక్షరములనుబట్టి కథ మారు పుస్తకములనమ్మినదియు ఈ కిటుకుతోడనే.

లెక్క చూతము. గోడో యను ఆటల ఇంజను 2014 మొదలు ఉచితముగా దొరకుచున్నది. పనిముట్టునకు వెల లేదు, పనికే వెల. ఒకరి కొరకే చేయు ఆటకు నలువది గంటలును, గంటకు 200 రూపాయలును అనుకొన్నచో 8,000 అగును. ఆ ధరకు కొనువారెందరు? అట్లుగాక 200 గంటలు శ్రమించి ఒక మూస చేసి, పేరును బొమ్మలను మాత్రము రెండు గంటలలో మార్చి 1,000కి అమ్మినచో, ఒక్కొక్క ఆటపై 600 మిగులును. మూసకైన 40,000 తీరుటకు 67 మంది కావలయును. పెండ్లిండ్ల ఋతువున ఇది అసాధ్యము కాదు. మూస లేని వర్తకము మాత్రము నిలువదని మా యభిప్రాయము.

గూగుల్ ప్లే మార్గము దీనికి పనికిరాదు. 2023 చివరనుండి తెరచిన వ్యక్తిగత ఖాతావారు ఆటను పండ్రెండుగురిచే 14 దినములు ఎడతెగక పరీక్ష చేయించినగాని ప్రకటింపరాదు. పుట్టినరోజు అంతవరకు ఆగునా? బ్రౌజరులో తెరచుకొను ఆట చేసి, దాని జాడను క్యూఆర్ గుర్తుగా కార్డుమీద అచ్చొత్తియిచ్చుటయే సులభము.

చిక్కులు మరి రెండు. కొనువారు మొదట కోరునది సినిమా పాట; హక్కుదారుని అనుమతిలేక దానిని చేర్చరాదు. పిల్లల ఫోటోల విషయమున, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారికి తలిదండ్రుల సమ్మతి కావలెననుచున్నది. మేనమామ తెచ్చిన ఫోటో చాలదు.

కప్పు చేజారినగాని పగులదు. ఆట యట్లుకాదు, దానిని నిలిపియుంచు సర్వరునకు అద్దె కట్టుట మానినచో మాయమగును. ఎన్నియేండ్లు నిలుచునో రసీదుమీద వ్రాసియిచ్చు దుకాణముననే కొనవలసినదని పాఠకులను కోరుచున్నాము.