కారు గేరుపెట్టెకు ఏ చమురు?

మార్గశిర పుష్యమాసములలో తెల్లవారుజామున ఉద్దానపు ఇండ్లయందు కొబ్బరినూనె సీసాలో పేరుకొనియుండును. ఎండ తగిలినంతనే అది కరగి జారును. చలికి చిక్కబడుట, వేడికి పలుచబడుట నూనెలకు సహజగుణము. కారు గేరుపెట్టెకు చమురు కొనువారు మొదట తెలిసికొనవలసినది ఈ గుణమునే.

చమురు డబ్బాపై 75డబ్ల్యు-90 అనియో, 80డబ్ల్యు-90 అనియో అంకెలుండును. డబ్ల్యుతో కూడిన అంకె చలిలోని నడతను తెలుపును. 75డబ్ల్యు చమురు సున్నకు దిగువ 40 డిగ్రీల సెంటీగ్రేడు చలియందును, 80డబ్ల్యు చమురు సున్నకు దిగువ 26 డిగ్రీలయందును నిర్ణీతమైన మేరకు మించి చిక్కబడవు. బారువ సముద్రతీరమున అట్టి చలి ఎన్నడును రాదు. రెండవ అంకె 100 డిగ్రీల వేడిలోని చిక్కదనమును తెలుపును. దీనిని ఇంజను చమురు అంకెతో పోల్చరాదు. ఆ కొలమానము వేరు. గేరుచమురు 90 ఇంజను చమురు 40, 50లకు ఇంచుమించు సమానము.

ఇక డబ్బాపై జి.ఎల్. 4, జి.ఎల్. 5 అను గుర్తులుండును. నాలుగు కంటె ఐదు పెద్దది గావున మేలైనదని పలువురు భావింతురు. చిక్కెల్ల ఇచ్చటనే యున్నది.

గేరు మార్చునపుడు వేర్వేరు వేగములతో తిరుగు చక్రములను ఒక్క వేగమునకు తెచ్చునది ఒక ఉంగరము. అది పెక్కు కార్లలో ఇత్తడితో చేయబడియుండును. అది తన ప్రక్కనున్న ఉక్కు భాగమును ఒరసి పట్టుకొనిననే గేరు నిశ్శబ్దముగా పడును. కావున అచ్చట చమురు జారవలెను గాని మితిమీరి జారరాదు.

జి.ఎల్. 5 చమురు ముఖ్యముగా వెనుక ఇరుసులోని గేర్లకు ఏర్పడినది. అచ్చట పండ్లు ఒకదానిపై నొకటి గట్టిగా నొత్తుకొనుచు జారును. వాని రక్షణకై గంధకము, భాస్వరము గల ద్రవ్యములు అందు హెచ్చుగా కలుపుదురు. అట్టి గంధక ద్రవ్యములలో కొన్ని వేడికి ఇత్తడిని తినివేయును. ఉంగరపు పట్టును సైతము సడలించును. హాని నాడే కనబడదు. కొన్ని నెలలకు గేరు వేయునపుడు గరగర మొదలగును. అప్పుడు గేరుపెట్టెను దింపి విప్పక తప్పదు. కొబ్బరికాయలు మోయు బండిపై బ్రదుకు యజమానికి అది ఖర్చును, పనిచేటును కూడ.

అట్లని జి.ఎల్. 4 అంతటను శ్రేష్ఠమని కాదు. గట్టి యొత్తిడి గల వెనుక ఇరుసులో దానిని పోసిన అచ్చటి పండ్లు అరుగును. గేరుపెట్టె వేరు, ఇరుసు వేరు అయిన జీపులలో రెంటికిని వేర్వేరు చమురులు కావలసి రావచ్చును. కొన్ని కార్ల గేరుపెట్టెకు ఇంజను చమురునే తయారీదారు విధించును. కావున బండితో వచ్చిన పుస్తకమే ప్రమాణము. అంగడివాని మాట దాని తరువాతిది.

మన తీరమునకు మరియొక జాగ్రత్త కలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినది. అట్టి వరదలలో బండి మునిగిన గేరుపెట్టె గాలిగొట్టము ద్వారా నీరు లోనికి చేరవచ్చును. చమురు పాలవలె తెల్లబడిన నీరు కలిసినదని గుర్తు. గడువు తీరకున్నను దానిని వెంటనే మార్చవలెను.

మార్చునపుడు బండిని సమతలమున నిలిపి, చమురు గోరువెచ్చగా నున్నపుడు తీయవలెను. మొదట పైనుండు పోతబిరడాను విప్పి చూడుడు. అది బిగిసి రాకున్న, అడుగుబిరడాను ముట్టకుడు. పాత చమురు పోయి, క్రొత్తది పోయ వీలులేక బండి నిలిచిపోవును. అడుగుబిరడా అయస్కాంతమునకు మెత్తని బూడిదరంగు ముద్ద అంటుట సహజము. ఉక్కు పెచ్చులు కనబడిన పనివానికి చూపవలెను. పెక్కు బండ్లలో పోతరంధ్రపు క్రిందిఅంచు వరకు నింపిన చాలును. తీసిన చమురును తోట యిసుకలో పారబోయక, డబ్బాలో పట్టి, పాత చమురు సేకరించువారికి ఈయవలెను.

చమురు వెల కొలది, గేరుపెట్టె వెల పెద్దది. కొనుటకు ముందు పుస్తకములోని ఆ యొక్క పంక్తిని చదువుట మరువకుడు.